తలకింత యని చెప్పి జంటకు అమ్మెడు ఓడయాత్రలు

గతవారపు పత్రిక మడతలో ఒక రంగుల కరపత్రము మన ఇండ్లకు చేరిన సంగతి పాఠకమహాశయులు ఎరుగుదురు. నీలిసముద్రము, అంతస్తులు అంతస్తులుగా లేచిన తెల్లని ఓడ, బాల్కనీలో చేయి చేయి పట్టుకొని నిలిచిన నవదంపతులు, క్రింద పెద్ద అక్షరములలో ఒక ధర. దానికంటె చిన్న అక్షరములలో ‘మన సంఘసభ్యులకు ప్రత్యేక తగ్గింపు’ అను వాక్యము. ఈ పెండ్లిండ్ల కాలమున ఆ ప్రయాణపు ఏజెంటుతో ఒప్పందము చేసికొని, అమ్ముడుపోయిన ప్రతి టిక్కెట్టుపై కొంత సొమ్ము సంఘభవన నిధికి తీసికొనవలెనను ప్రతిపాదన రాబోవు కార్యవర్గ సమావేశమునకు వచ్చుచున్నది. నేను ఆ కార్యవర్గమున ఒక సభ్యుడను. ఆ ప్రతిపాదనకు వ్యతిరేకముగా ఓటు వేయదలచినాను. తలుపులు మూసికొని చెప్పుటకంటె సభ్యులందరి యెదుట చెప్పుట మేలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట ఒక అపోహ తొలగవలెను. నేను ప్రతిపాదనను ఎదిరించుచున్నాననగానే కొందరు పెద్దలు సంతోషించి, ‘సముద్రయానము మనకు నిషిద్ధమని బోధాయనుడే చెప్పలేదా’ అని నా ప్రక్కన వచ్చి నిలిచినారు. ఆ తోడు నాకు అక్కరలేదు. శాతవాహనులు తమ నాణెములపై రెండు స్తంభముల ఓడను ముద్రించుకొనిరి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము చెక్కించెను. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, గోపాలపురము రేవులనుండి మనవారు వేలకు వేలుగా రంగము వెళ్లిరి. 1942లో బాంబులు పడినప్పుడు అందులో ఎందరో అడవులు, కొండలు దాటి కాలినడకను తిరిగివచ్చిరి. 1926లో నీటిలోనికి దిగిన రాజులా అను ఓడ చెన్నపట్టణము, నాగపట్టణములనుండి పినాంగు, సింగపూరులకు దాదాపు అర్ధశతాబ్దము నడచెను. దాని మేడపై చాపలు పరచుకొని పోయిన తెలుగువారి మనుమలు నేడు మన సభ్యులలో ఉన్నారు. మనము నేలపైననే నడచి ఈ అరవదేశమునకు వచ్చినవారమైనను, సముద్రము మనకు పరాయిది కాదు. పెండ్లియైన పిల్లలు నాలుగు దినములు ఓడపై విహరించి వత్తుమనిన, నేను పోయి రండనియే చెప్పుదును.

నా తగవు సముద్రముతో కాదు, కరపత్రముతోను, ఆ కరపత్రము వెంట మన పెండ్లిమాటలలోనికి ప్రవేశించుచున్న క్రొత్త అలవాటుతోను.

ఆ అలవాటు సంగతి ముందు చెప్పెదను. ఈ రెండు మూడేండ్లుగా సంబంధము కుదురునప్పుడు ‘లాంఛనముల’ జాబితాలో ఒక క్రొత్త పంక్తి చేరుచున్నది. బంగారము, పట్టుచీరలు, కల్యాణమండపపు అద్దె, ఆ తరువాత ‘హనీమూను ఓడ’. ‘మేము కట్నము అడుగువారము కాము, పిల్లలిద్దరు సంతోషముగా తిరిగి వచ్చుటకు మీరు ఒక టిక్కెట్టు కొనియిచ్చిన చాలును’ అని మగపెండ్లివారు మర్యాదగా సెలవిత్తురు. ఇది కట్నము కాక మరేమి? 1961 నాటి వరకట్న నిషేధ చట్టము పెండ్లికి ముందిచ్చినను, పీటలపై ఇచ్చినను, వెనుక ఇచ్చినను, వివాహసంబంధముగా అడిగి పుచ్చుకొనిన విలువగల వస్తువును కట్నమనియే చెప్పుచున్నది. రొక్కము అడుగుటకు సిగ్గుపడువాడు ఓడను అడుగుటకు సిగ్గుపడకుండుట నాకు వింతగా తోచుచున్నది. ఆడపిల్ల తండ్రి కొట్టుమీద అప్పు తీసి ఏడు రాత్రుల మధ్యధరా సముద్రయాత్ర కొనియిచ్చిన ఇండ్లు నాకు తెలియును. పేర్లు వ్రాయను. యాత్ర వారమున ముగిసినది, వడ్డీ ఇంకను ముగియలేదు. సంఘము తన పేరు కరపత్రముపై వేయనిచ్చిన, ఆ జాబితాలోని పంక్తికి సంఘమే ముద్ర వేసినట్లగును. నా మొదటి అభ్యంతరము ఇది. మిగిలినవి అన్నియు దీనికి తరువాతనే.

ఇక సరకు సంగతి. నేను చదివినది మెట్రిక్యులేషను వరకే. కాని పాతికేండ్లుగా అంగడిలో కూర్చున్నవాడను. సరకు ధర వేరు, కొట్టుకు దిగు ధర వేరని ఎరుగుదును. బస్తా ధర చెప్పి, కూలి, బాడుగ, తరుగు, సుంకము చెప్పని దలారిని మా వీధిలో రెండవసారి ఎవరును గడప ఎక్కనీయరు. ఓడయాత్రలు అమ్మువారిలో పెక్కురు ఆ దలారి పద్ధతినే అనుసరించుచున్నారు.

కరపత్రమున వేసిన ధర ఒక తలకు. ఒక గదిలో ఇద్దరుందురను లెక్కపై, ఒక్కొక్కరికి అంత అని అర్థము. పెండ్లియాత్రకు ఒంటరిగా పోవువాడెవడు? అయినను జంటకు ఇంత అని వ్రాయరు. వ్రాసిన అంకె రెట్టింపగును గదా. దానిపై ఓడరేవు రుసుములు, పన్నులు. విదేశయాత్రయైనచో మూలమున వసూలుచేయు ఆదాయపు పన్ను. ఇది తరువాత మన లెక్కలో చూపి సరిచేసికొనవచ్చును గాని, ఆనాడు చేతిలోనుండి పోవు సొమ్మే. ఆపైన బక్షీసు. అమెరికా సంస్థల ఓడలలో బక్షీసు మన ఇష్టము కాదు. తలకు, దినమునకు సుమారు 15 నుండి 20 డాలర్ల వరకు వారే గది లెక్కలో వ్రాసికొందురు. 18 డాలర్లనుకొనుడు. ఇద్దరికి ఏడు దినములకు 252 డాలర్లు. డాలరు 85 రూపాయలకు తగ్గని ఈ రోజులలో అది 21,420 రూపాయలకు పైమాట. ఇది కరపత్రమున ఏ మూలను లేదు. మన దేశపు రేవులనుండి నడుచు ఓడల బిల్లులోను టిక్కెట్టు ధర వేరు, రేవు రుసుము వేరు, బక్షీసు వేరు, జి.యస్.టి. వేరుగా కనబడును. అడిగినవారికి చెప్పుదురు, అడుగనివారు చెల్లించు దినమున తెలిసికొందురు.

పానీయముల సంగతి ఇంకను విచిత్రము. టిక్కెట్టు ధరలో అన్నము, మంచినీరు, కాఫీ, తేనీరు సామాన్యముగా చేరియుండును. సోడా, మద్యము వేరు. ‘రోజునకింత కట్టిన ఎంతైనను త్రాగవచ్చును’ అను ఏర్పాటొకటి కలదు. అనేక సంస్థలలో దానికి ఒక నియమము: ఒక గదిలోని పెద్దవారిలో ఒకరు మద్యపు ఏర్పాటు కొనినచో రెండవవారును కొనవలెను. అనగా అల్లుడుగారికి త్రాగుడు సరదా ఉండి, పిల్ల కొబ్బరినీళ్లు తప్ప మరేమియు ముట్టనిదైనను, ఆమె పేరను కూడ ఆ సొమ్ము కట్టవలెను. దినమునకు తలకు 60 డాలర్లనే అనుకొనిన, ఏడు దినములకు ఇద్దరికి 840 డాలర్లు. త్రాగువానిని గూర్చి ఇక్కడ నేను ఉపన్యసింపను. త్రాగని భార్య పేరను పద్దు వ్రాయుట ఏ అంగడి న్యాయమో మాత్రము అడుగుచున్నాను.

ఇంటర్నెట్టునకు వేరు. రేవు దిగి ఊరు చూచు బండికి వేరు. కొన్ని ప్రత్యేక భోజనశాలలకు వేరు. సెల్‌ఫోనును విమానపు అమరికలో పెట్టక మరచినచో నడిసముద్రమున పట్టుకొను ఓడలోని సంకేతమునకు వచ్చు బిల్లు చూచి కన్నీరు పెట్టుకొనవలెను. ఓడ ఎక్కగానే ప్రతివారికి ఒక అట్ట ఇత్తురు; గది తాళమును అదే, పద్దుపుస్తకమును అదే. చేతినుండి రొక్కము పోవదు కనుక ఖర్చు తెలియదు. దాయాదుల కొట్టులో అరువు ఖాతా ఎట్టిదో ఇదియు అట్టిదే.

మోటుపల్లి శాసనమును నేను ఊరక తలపలేదు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపురాజులు బలాత్కారముగా తీసికొనెడివారనియు, తాను విధించిన సుంకము తప్ప మరేమియు తీసికొననని గణపతిదేవుడు అందులో ప్రకటించెను. గంధమునకు ఎంత, కర్పూరమునకు ఎంత, ముత్యములకు ఎంత అని రాతిపై చెక్కించి రేవున నిలిపెను. అక్షరమాల రానివాడు చదివించుకొని ఓడ దిగుటకు ముందే తన లెక్క తాను వేసికొనగలిగెను. దాదాపు ఎనిమిది వందల సంవత్సరముల క్రింద ఒక తెలుగురాజు రాతిపై చేసినదానిని నేటి ఏజెంటు నున్నని కాగితముపై చేయజాలడా?

ఇక ఏ సంస్థ ఓడ ఎక్కవలెనను ప్రశ్న. ఇది పిల్లలు నన్ను తరచుగా అడుగునదే. మొన్న ఒక యువకుడు, ‘మామయ్యగారూ, అన్నిటికంటె పెద్ద ఓడ ఏదో చెప్పండి, అందులోనే పోవుదుము’ అనెను. నేను, ‘నాయనా, నీవు ఓడతో కాపురము చేయబోవుచున్నావా, అమ్మాయితోనా?’ అంటిని. అతడు నవ్వి ఊరకున్నాడు గాని ప్రశ్న నవ్వులాట కాదు. 2024 జనవరిలో నడక మొదలిడిన రాయల్ కరీబియన్ వారి ఐకాన్ ఆఫ్ ది సీస్ 2,48,663 టన్నుల ఓడ. నిండుగా ఎక్కిన 7,600 మంది ప్రయాణికులు పట్టుదురు. ఇక్కడ టన్నుననగా బరువు కాదు, ఓడ లోపలి చోటు కొలత. మన ముంబైనుండి 2021 సెప్టెంబరున నడక మొదలిడిన కొర్డీలియా వారి ఎంప్రెస్ 48,563 టన్నులది, అందులో అయిదవ వంతు. పెద్దదానిలో నీటిజారుడుబండలు, నాటకశాలలు, అంగళ్ల వీధులు కలవు. పెద్ద ఓడ అలలకు తక్కువ ఊగును. ఆ మంచిగుణము ఒప్పుకొనవలెను. కాని అన్ని వేలమంది ఒక్కసారి ఒక చిన్న రేవున దిగునపుడు వరుసలో నిలువబడుటయే యాత్రయగును. బడుల సెలవులలో ఆ ఓడలు చిన్నపిల్లలతో నిండియుండును. పిల్లలను ఆడించుటకే కట్టిన ఓడలవి. ఏకాంతము కోరి పోవు జంటకు అది తిరునాళ్లలో కాపురము పెట్టినట్లుండును.

పిల్లలనే ఎక్కనీయని సంస్థలును కలవు. 2021లో ప్రయాణికులతో నడచుట మొదలిడిన వర్జిన్ వాయేజెస్ పదునెనిమిదేండ్లు నిండినవారినే తీసికొనును. వైకింగ్ వారును అంతే. కాని అందులో తోడిప్రయాణికులు చాలవరకు పదవీవిరమణ చేసిన పెద్దలు. ఈ రెండింటికి మనవారు చాలవరకు ఐరోపాకో అమెరికాకో విమానమెక్కి పోవలెను. మొదటిసారి ఓడ ఎక్కువారు అంత దూరము పోయి, ఏడు రాత్రులకు కట్టి, రెండవనాడే తలత్రిప్పుట మొదలిడిన నడిసముద్రమున ఏ బస్సు దిగి తిరిగి వత్తురు?

కనుక నా పక్షము స్పష్టముగా చెప్పెదను. మొదటి ఓడయాత్ర రెండు రాత్రులో, నాలుగు రాత్రులో ఉండవలెను; ఇంటికి చేరువ రేవునుండి ఉండవలెను. ముంబైనుండి గోవా, లక్షద్వీపములు, కొచ్చిన్ ప్రక్కకు పోవు యాత్రలు కలవు. చెన్నపట్టణమునుండి 2022 జూనున విశాఖపట్టణమునకు, పుదుచ్చేరికి ఓడ బయలుదేరెను. ఆ తరువాత శ్రీలంక రేవులకును పోవుచు వచ్చినది. స్వదేశపు రేవుల మధ్యనే తిరుగు యాత్రకు పాస్‌పోర్టు అక్కరలేదు, గుర్తింపుపత్రము చాలును. విశాఖలో 2023 సెప్టెంబరున విహారనౌకలకు ప్రత్యేకముగా కట్టిన ప్రయాణికుల రేవుశాల తెరువబడెను. ఇచ్చట పుట్టి పెరిగి, తెలుగుదేశమును రైలుకిటికీనుండి తప్ప చూడని మన పిల్లలు సముద్రమువైపునుండి డాల్ఫిన్ ముక్కు కొండను చూచుచు విశాఖలో దిగుట నాకు మధ్యధరాకంటె తక్కువగా తోచదు. ఇది నా పక్షపాతమనిన అననిండు.

‘ఎంప్రెస్ పాత ఓడ గదా’ అని ఏజెంటు పెదవి విరుచునట. నిజమే. అది 1990లో ఫ్రాన్సులో కట్టబడినది. రాయల్ కరీబియన్ వారి చేత చిరకాలము నడచినది. పాతదగుట దాని వయస్సు, దోషము కాదు. చూడవలసినది గది శుభ్రముగా ఉన్నదా, నడపువారి పరపతి ఎట్టిదని. పరపతి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: జలేష్ అను సంస్థ 2019 ఏప్రిలున ముంబైనుండి కర్ణిక అను ఓడను గొప్పగా ప్రారంభించెను, మరుసటి యేడు మహమ్మారి రాగా సంస్థ మూతపడి, ఓడ అలంగు తీరమున ముక్కలైనది. సింగపూరువైపు పేరుమోసిన స్టార్ క్రూజెస్ యజమానియగు గెంటింగ్ హాంకాంగ్ సంస్థ 2022 జనవరిలో దివాలా మార్గము పట్టెను. ఇటాలియా వారి కోస్టా సెరీనా 2023 నవంబరున మన తీరమునకు వచ్చి కొన్నాళ్లు నడచినది. వచ్చుటయు పోవుటయు ఈ వర్తకమున కలదు. సంవత్సరము ముందే పూర్తి సొమ్ము కట్టించుకొను ఏజెంటును, ‘సంస్థ మూతపడిన నా సొమ్ము ఎవరిత్తురు?’ అని అడిగి, జవాబు కాగితముపై వ్రాయించుకొనవలెను. మాటమీద ఇచ్చు సరకు కాదిది.

అదేవిధముగా రేవుల పట్టికను నమ్మరాదు. 2022 జూనున పుదుచ్చేరి ప్రభుత్వము అనుమతి ఇయ్యకపోవుటచేత ఆ ఓడ పుదుచ్చేరి రేవున ప్రయాణికులను దింపలేకపోయెను; అందలి జూదశాలను గూర్చి ఊరిలో అలజడి రేగియుండెను. గాలివానయైనను, ప్రభుత్వాజ్ఞయైనను, టిక్కెట్టు వెనుక సన్నని అక్షరములలో రేవు మార్చు హక్కు ఓడవారిదేయని వ్రాసియుండును. ఫలానా ఊరు చూచుటకే పోవువాడు ఓడ ఎక్కక రైలెక్కుట మంచిది.

గాలివాన మాటకు మన పంచాంగమే చాలును. వైశాఖ జ్యేష్ఠములలో పెండ్లి చేసి వెంటనే పడమటి సముద్రమునకు పంపువారు, జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి గాలులకు అది ఎట్లు లేచునో తెలిసికొనవలెను. ఏజెంటు ఇచ్చు గొప్ప తగ్గింపులు సరిగా ఆషాఢముననే వచ్చుట గమనింపుడు. క్రొత్తకోడలిని పుట్టింటికి పంపు మాసమున టిక్కెట్టు చౌక! మార్గశిరపు ముహూర్తములకు బంగాళాఖాతపు తుఫానులు తోడువచ్చును. మాఘ ఫాల్గుణములు రెండు తీరములకును మేలు.

సింగపూరునుండి మూడు నాలుగు రాత్రుల యాత్రలు మన యువకులకు ప్రియములైనవి. 2022 జూనున గెంటింగ్ డ్రీమ్ అను ఓడ అచ్చటనుండి నడక మొదలిడెను. రాయల్ కరీబియన్ ఓడలును అచ్చట నిలుచుచుండును. సొమ్మున్నవారు పోవచ్చును. కాని అచ్చట ఒక మెలిక కలదు. ఓడ మలేసియానో, థాయిలాండునో తాకి తిరిగి సింగపూరునకు వచ్చినపుడు అది రెండవ ప్రవేశము క్రింద లెక్క. ఒక్కసారి ప్రవేశమునకే చెల్లు వీసా చాలదు.

వీసా మాట వచ్చినది గనుక మన ఇంటిపేర్ల సంగతి వ్రాయక తప్పదు. ఇది ఏ కరపత్రమున వ్రాయరు, ఎందుకనగా ఇది మన బాధ మాత్రమే. తెలుగుదేశమున ఇంటిపేరు ముందు, పేరు వెనుక. ఇచ్చట మనము మూడు నాలుగు తరములుగా ఇంటిపేరును కాగితములనుండి జారవిడిచి, తండ్రిపేరు తొలి అక్షరమునే పెట్టుకొనుచున్నాము. పాస్‌పోర్టునకు పోగా పొడి అక్షరములు చెల్లవనుచు వాటిని విడదీసి వ్రాయింతురు. కొందరి పాస్‌పోర్టులో తండ్రిపేరు ఇంటిపేరు స్థానమున కూర్చుండును. కొందరిలో ఆ స్థానము ఖాళీ. ఆధారు కార్డులో ఒక పేరు, పెండ్లిపత్రికలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు. దీనిపైన పెండ్లికూతురి టిక్కెట్టును ఉత్సాహముతో భర్త పేరు చేర్చి కొందురు. ఆమె పాస్‌పోర్టు ఇంకను పుట్టింటి పేరననే ఉండును. రేవున చూచువాడు శుభలేఖను చూడడు, పాస్‌పోర్టును చూచును. అక్షరము తేడాయున్న ఓడ మెట్లు ఎక్కనీయకపోవచ్చును. పెండ్లియైనంతమాత్రమున స్త్రీ పేరు మార్చుకొనవలెనని చట్టము నిర్బంధింపదు. కావున టిక్కెట్టు పాస్‌పోర్టులో ఉన్న పేరుననే, ఉన్న వరుసలోనే కొనుడు. తొందరపడి మార్పునకు దరఖాస్తు పెట్టి, యాత్రనాటికి ఏ పాస్‌పోర్టును చేతలేక కూర్చుండవలదు. సంఘము నిజముగా నవదంపతులకు ఉపకారము చేయదలచినచో, తగ్గింపు టిక్కెట్లు అమ్ముటకంటె ఈ పేర్ల చిక్కు విప్పు సహాయకేంద్రమును శనివారపు సాయంకాలములందు నడపుట వేయిరెట్లు మేలు. దానికి నేను బల్లయు కుర్చీయు ఇచ్చి, నేనే కూర్చుందును.

గది ఎన్నికను గూర్చి కొంచెము. ‘బాల్కనీ లేనిదే హనీమూను ఎట్లు?’ అనుట ఇప్పటి వాడుక. రెండు రాత్రుల యాత్రకు బాల్కనీకై రెట్టింపు పెట్టుట అనవసరమని నా అభిప్రాయము. మేడమీద గాలి అందరికి ఉచితమే. తలత్రిప్పు స్వభావము కలవారికి క్రింది అంతస్తున ఓడ నడుమనున్న గది అన్నిటికంటె మేలు; ఎత్తున, కొనన ఉన్న బాల్కనీ గదియే ఎక్కువ ఊగును. ‘గది నెంబరు తరువాత చెప్పుదుము’ అని చౌకగా అమ్మునప్పుడు ఏ గది ఇచ్చినను పుచ్చుకొనవలెను. నాట్యశాల నెత్తిమీద పడవచ్చును. రెండు మంచములు కలిపి వేయుదురా అని ముందే అడుగవలెను. సిగ్గుపడి అడుగక, గోడకొకరుగా పండుకొని వచ్చిన జంటను గూర్చి విని మేమందరము నవ్వితిమి గాని, పాపము వారికి నవ్వు రాలేదు.

భోజనమునకు భయపడనక్కరలేదు. మన రేవుల ఓడలలో శాకాహారము, జైనుల వంట సైతము దొరకును. విదేశపు పెద్దసంస్థలును ముందు తెలిపినచో శాకాహారము సిద్ధము చేయుదురు. ఆవకాయ జాడీ మాత్రము మోయవలదు. ఇంట వండినవి పైకి రానీయకుండుట సామాన్యనియమము.

ఓడ బయలుదేరుటకు ముందు ప్రయాణికులందరు ప్రాణరక్షణ అభ్యాసమునకు హాజరు కావలెను. పటములు తీసికొనుచు దానిని ఎగగొట్టు క్రొత్తజంటలు పెక్కుమంది. 2012 జనవరి 13న ఇటలీ తీరమున కోస్టా కంకార్డియా ఒరిగి 32 మంది చనిపోయిరి. ఆనాడే ఎక్కినవారికి ఆ అభ్యాసము ఇంకను జరిగియుండలేదు. ఆ పిమ్మట నియమము బిగించిరి. అరగంట పోయినను పోనిండు, పోయి నిలువుడు.

ఇక ఏజెంటుగారి ప్రధానవాదము: ‘జీవితమున ఒక్కసారి వచ్చు యాత్ర, దీనికి లెక్క చూచుకొందురా?’ అని. ఈ మాటయే మన ఇండ్లను అప్పులపాలు చేయుచున్నది. పెండ్లిపందిరికి ఇదేమాట, విందునకు ఇదేమాట, ఇప్పుడు ఓడకు ఇదేమాట. జీవితమున ఒక్కసారియని ఎవరు నిర్ణయించిరి? ఇద్దరు సంపాదించుకొని అయిదేండ్లకు మరల పోరాదా? తమ సొమ్ముతో, తాము ఎన్నుకొనిన ఓడపై, రెండవసారి పోవువారికి ఏమి అడుగవలెనో తెలిసియుండును. మొదటిసారి మామగారి సొమ్ముతో పోవు అల్లునికి అడుగు అలవాటే పుట్టదు. మరియొకటి. ఈ యాత్ర మాటలు పెండ్లికొడుకు తల్లిదండ్రులు, పెండ్లికూతురి తండ్రి, ఏజెంటు మాటలాడుకొనుచున్నారు. పిల్లకు సముద్రము ఇష్టమా, పడవెక్కిన వాంతియగునా, కొండలు ఇష్టమా అని ఆమెను అడిగిన ఇల్లు నేను ఒక్కటియు చూడలేదు.

సంఘమునకు వచ్చు కమీషను సంగతి కూడ తేటగా చెప్పెదను. భవననిధికి సొమ్ము కావలెను, నిజము. పైకప్పు కారుచున్నది, గ్రంథాలయపు పుస్తకములు తడియుచున్నవి, నిజము. కాని ఆ కమీషను ఏజెంటు జేబునుండి వచ్చునది కాదు. టిక్కెట్టుపై వేసి ఆడపిల్లల తండ్రులనుండి రాబట్టునది. మన సభ్యునిపై మనమే సుంకము వేసి, దానికి తగ్గింపు అని పేరు పెట్టుటయే ఇది. అంతకంటె భవననిధికి నేరుగా చందా అడుగుదము. నా చందా నేను మొదట వ్రాసెదను.

ప్రకటన వేసికొనదలచిన ఏజెంటును కాదనుటలేదు. పత్రికలో చోటు కొనుక్కొనవచ్చును. షరతులు రెండు. ధర జంటకు వేయవలెను. రేవు రుసుము, పన్ను, బక్షీసు సమస్తము కలిపి, తెలుగున, అన్ని అక్షరములు ఒకే పరిమాణమున. సంఘము పేరు అందులో ఉండరాదు. వచ్చు ఆదివారపు సమావేశమునకు ఏజెంటుగారిని కూడ పిలువవలసినదిగా కార్యదర్శిగారిని కోరితిని. కరపత్రములోని ఆ ఏడు రాత్రుల యాత్రకు, ఇద్దరు మనుష్యులకు, ఇల్లు విడిచినది మొదలు ఇల్లు చేరువరకు పూర్తి బిల్లు వ్రాసి తెచ్చినచో నేనే దానిని సభలో చదివి వినిపించెదను. తేనిచో నా ఓటు ఎటో ముందే చెప్పితిని.